స్విమ్మర్ గడిలో టిక్కు

జనవరి 9, మంగళవారం

ఈ ఉదయం చూస్తే నోటీసు బోర్డులో పిన్నులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. నిన్న పెట్టిన కాగితానికి అప్పుడే నాలుగు మూలలా గోధుమరంగు చుక్కలు పడ్డాయి.

ఆ కాగితం మా ఆఫీసు ఫ్యామిలీ డే గురించి. ఇరవయ్యో తేదీ, శనివారం. చిడియా టాపు దారిలో ఒక చిన్న బే. త్రోబాల్, తాడు లాగే పోటీ, చెంచాలో నిమ్మకాయ పరుగు, భోజనాలు, తర్వాత సన్నటి తెడ్డు పడవల్లో కయాకింగ్. కయాక్‌కు ఇద్దరు. ఈత వచ్చినవాళ్లు ఒకరు, రానివాళ్లు ఒకరు.

రాజ్‌కిరణ్ ఫారం పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు. రిక్రియేషన్ క్లబ్బుకు స్పోర్ట్స్ సెక్రటరీ అతనే. పేరు, ఇంటివాళ్లు ఎందరు, వెజ్ లేక నాన్ వెజ్, స్విమ్మర్ లేక నాన్ స్విమ్మర్. సుమ నాన్ స్విమ్మర్ గడిలో టిక్కు పెట్టి, కింద రెండు గీతలు కూడా గీసింది. ఆమె నవంబరులో రాజమండ్రి నుంచి వచ్చింది. గోదారి ఒడ్డున పుట్టానండీ, బకెట్లో కూడా మునుగుతాను అంది. అందరూ నవ్వారు. తన మీద తను అంత తేలిగ్గా నవ్వుకోవడం ఎలా వస్తుందో.

కాగితం నా దగ్గరకు వచ్చేసరికి రాజ్‌కిరణ్, నాన్సీ దీదీని అడగాలా యార్, వాళ్ల నాన్న సెరాంగ్, పుట్టగానే ఆస్పత్రి నుంచి ఈదుకుంటూ ఇంటికొచ్చుంటాది అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్విమ్మర్ గడిలో టిక్కు పెట్టాను.

నాకు ఈత రాదు.

ఇరవై ఆరేళ్లుగా ఈ దీవిలోనే ఉన్నాను. నాన్న సెరాంగ్, అంటే ఫెర్రీ బోటు నడిపేవాడు. చిన్నప్పుడు పిల్లలందరూ జెట్టీ మీద నుంచి దూకుతుంటే నేను లైబ్రరీ పుస్తకం తడుస్తుందని దూరంగా కూర్చునేదాన్ని. కాన్వెంటులో సిస్టర్లు, నాన్సీ ఈజ్ ఎ క్వయట్ గర్ల్ అని రిపోర్టు కార్డులో రాసేవారు. ఎవరూ అడగలేదు. అడగకపోతే చెప్పనక్కర్లేదు అనుకున్నాను. ఈ రోజు అడిగారు.

ఇంగ్లీషులో రాస్తే నాకు బాగా వస్తుంది. మరీ బాగా వస్తుంది. అందుకే ఈ డైరీ తెలుగులో.

జనవరి 10

టిక్కు అలాగే ఉంది. రబ్బరు నా సొరుగులోనే ఉంది. నేను పెట్టింది పెన్నుతో.

జనవరి 14, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అమ్మ ఫ్యామిలీ డే గురించే మాట్లాడింది. చేపల ఫ్రై తను చేసి తెస్తుందట. మీ ఆఫీసోళ్ల వంటలో ఉప్పుండదు కారముండదు, ఆళ్లకి ఆఫీసే సరిపోద్ది అంది. నాన్న తాడు లాగే పోటీ కోసం పాత బూట్లు బయటికి తీసి మట్టి దులిపాడు. సాలరీ పెరిగినప్పుడు కూడా అంత సంతోషంగా లేడు.

నాన్నకు చెబుదామని అతని పక్కన కూర్చున్నాను. కయాక్‌లో సెంటర్‌లో కూర్చోవాలా నాన్నా అని మాత్రం అడిగాను. ఏటమ్మా, ఈ యిర్మియా కూతురికి బోట్లో కూర్చోడం నేను నేర్పాలేటి అని బూటుకు పాలిష్ రాస్తూనే అన్నాడు.

స్నానాల గదిలో తల బకెట్లో ముంచి లెక్కపెట్టాను. పదకొండు వరకు ఉండగలిగాను.

జనవరి 19, శుక్రవారం

జతల జాబితా పెట్టారు. ఆఖరి జత మేం: సుమ, నేను.

ఆమె రికార్డు రూమ్‌కు పరుగున వచ్చింది. మీరేనని తెలిసి ప్రాణం లేచొచ్చిందండీ నాన్సీగారూ అంది. ఎక్కనని ఇంట్లో రెండు రోజులుగా గొడవ పడుతోందట. ఇప్పుడు ఎక్కుతుందట. వాళ్లాయన గోపీనాథ్‌కు నా ముందే ఫోన్ చేసి, నాకు సెరాంగ్‌గారి అమ్మాయి దొరికింది, ఇక మీరు ఒడ్డున కూర్చుని ఫొటోలు తీయండి అని చెప్పింది.

అప్పుడు చెప్పి ఉండాలి. గదిలో మేమిద్దరమే ఉన్నాం. తలుపు కూడా మూసి ఉంది. ఒక వాక్యం సరిపోయేది.

ఫైలు కట్టే తాడు ముడి విప్పుతూ, భయపడకండి అన్నాను.

జనవరి 20, శనివారం. సాయంత్రం 6

ఇంటికి వచ్చాం. అందరూ క్షేమం. నా జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఇప్పుడు రాయలేను.

జనవరి 21, ఆదివారం. ఉదయం 5

నిన్న మధ్యాహ్నం దాకా చాలా బాగుంది. అది రాయకపోతే తప్పవుతుంది.

త్రోబాల్‌లో నేను ఒక బంతి పట్టాను. ఒక్కటే. అయినా పద్మినీ మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేడమ్ మా సెక్షన్ సూపరింటెండెంట్, ఫైల్లో తప్పు లేకపోతే తలెత్తి కూడా చూడరు. అమ్మ నిమ్మకాయ పరుగులో చెంచా నోట్లోంచి తీసి నవ్వి, ఓడిపోయి, మళ్లీ నవ్వింది. తాడు లాగే పోటీలో నాన్న చివర నిలబడి, జెట్టీకి బోటు కట్టినట్టు తాడును నడుముకు చుట్టుకున్నాడు. హైలెస్సా అని ఒక్క కేక పెట్టేసరికి మా జట్టులో గుమాస్తాలందరూ ఒక్కసారిగా వెనక్కి పడ్డారు. గెలిచాం. అవతల జట్టువాళ్లు, అంకుల్ జీ, ఇది చీటింగ్, మీరు మనిషి కాదు, లంగరు అన్నారు. నాన్న ఇసుకలో పడి నవ్వుతూనే ఉన్నాడు. అతను అలా నవ్వడం నేను ఎప్పుడు చూశానో గుర్తులేదు. ఆ గంటసేపు టిక్కు సంగతి నేను మరిచిపోయాను.

మూడు గంటలకు మా వంతు వచ్చింది. సముద్రం చదునుగా, పింగాణీ పళ్లెంలా ఉంది. సుమ ముందు కూర్చుంది, నేను వెనక. మొదట అంతా సులువే. ఒడ్డున మనుషులు చిన్నవాళ్లయ్యారు. గోపీనాథ్ ఫొటోలు తీస్తున్నాడు. సుమ, అబ్బ, ఇన్నాళ్లు ఎందుకు భయపడ్డానండీ అంది.

తర్వాత ఆమె నీళ్లలో ఏదో చూసి, తాబేలు తాబేలు అంటూ కుడివైపు వంగింది. నేనూ కుడివైపే వంగాను. నీళ్లు తెలిసినవాళ్లు ఎడమవైపు వంగుతారు.

బోల్తా పడ్డాం.

సుమ లైఫ్ జాకెట్ తల మీదుగా ఊడిపోయి దూరంగా తేలింది. నాది ఊడలేదు. నేను తేలుతూనే ఉన్నాను, కానీ అది నాకు తెలియలేదు. ముక్కులోకి, గొంతులోకి ఉప్పు. చేతికి ఏదో మెత్తగా తగిలింది. పట్టుకున్నాను. ఎక్కాను.

నా మోకాలు ఆమె వీపు మీద ఉంది. ఒక చేత్తో ఆమె జడ, ఇంకో చేత్తో భుజం దగ్గర చొక్కా. ఆమెను కిందికి తొక్కి నేను గాలి పీల్చాను. రెండుసార్లు. మూడోసారి కూడా. మునిగేవాళ్లకు తాము ఏం పట్టుకున్నామో తెలియదని పుస్తకాల్లో చదివాను. నాకు తెలుసు. అది సుమ అని తెలుసు.

రాజ్‌కిరణ్, కయాకులు అద్దెకిచ్చే మనిషి ఇద్దరూ వెనక నుంచి వచ్చారు. వాళ్లకు కనిపించింది నీళ్ల పైన నా తల, సుమను పట్టుకున్న నా చేయి. ఒడ్డుకు చేర్చాక కూడా నా వేళ్లు ఆమె చొక్కాను వదల్లేదు. ఒక్కో వేలు విప్పదీశారు. సుమ కక్కుకుని, దగ్గి, ఏడ్చింది. గోపీనాథ్ నా ముందు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. నాన్న మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో పరుగెత్తుకొచ్చి, సూసినారా, ప్రాణం పోతున్నా సెయ్యి వొదల్లేదు నా కూతురు అని అరిచాడు.

కథ అక్కడ పుట్టింది. నాన్న నోట్లో.

నాకు దగ్గు వస్తోంది కాబట్టి మాట్లాడలేదు. తర్వాత దగ్గు తగ్గింది.

పద్మినీ మేడమ్ రాజ్‌కిరణ్‌ను అందరి ముందు తిట్టారు. జాకెట్ ఎలా ఊడింది, చూసుకోవద్దా అని. అతను ఊడిన జాకెట్ బకిల్‌ను తిప్పి తిప్పి చూస్తూ, పొద్దున అన్నీ చెక్ చేశాను మేడమ్, బండి నుంచి దించేటప్పుడు విరిగిందో ఏమో, నాదే గల్తీ అన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

చర్చిలో సాక్ష్యాల సమయం. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు, ఓడ టికెట్టు దొరికినవాళ్లు లేచి చెబుతారు. మేం స్తోత్రం అంటాం. ఈ రోజు నాన్న లేచాడు. అతను జీవితంలో సాక్ష్యం చెప్పలేదు.  ముప్పై ఏళ్లు నీళ్ల మీద తిరిగినాను, నా దేవుడు నన్ను కాసినాడు, ఇప్పుడు నా బిడ్డ చేత ఇంకో బిడ్డను కాసినాడు అన్నాడు. చర్చిలో అందరూ అమ్మమ్మ అని పిలిచే బుల్లమ్మ ముందు వరసలోంచి వెనక్కి తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాస్టర్‌గారు, నువ్వు కూడా ఒక మాట చెప్పమ్మా అన్నారు.

లేచాను. చేయి వదల్లేదు, దేవునికి స్తోత్రం అన్నాను. కూర్చున్నాను.

ప్రతి అక్షరం నిజం. అంత నేర్పు నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

జనవరి 22, సోమవారం

ఆఫీసులో సమోసాలు. ఇరవై ఆరున జెండా ఎగరేశాక నాకు సర్టిఫికెట్ ఇస్తారట. మేడమ్ దాని మాటలు ఇంగ్లీషులో టైపు చేసి నాకే పంపారు. నువ్వు కాన్వెంటు కదా, ఒకసారి చూసి పెట్టు అని.

చూశాను. రెండు కామాలు పెట్టాను. ఒక వాక్యం బలహీనంగా ఉంటే మార్చాను. బాగుందని మేడమ్ అన్నారు.

జనవరి 24, బుధవారం

సుమ ఇప్పుడు నన్ను గారు అనడం మానేసింది. అన్నం తింటూ చొక్కా మెడ పక్కకు లాగి భుజం చూపించింది. నాలుగు వేళ్ల గుర్తులు, నీలంగా. ఇదిగో నీ సంతకం నాన్సీ అంది. వీపు మీద కూడా ఒక పెద్ద మచ్చ ఉందట, కయాక్ తగిలి ఉంటుందట.

కయాక్ తగల్లేదు.

క్యారేజీ మూత పెట్టి, పనుందని లేచాను. క్లబ్బు సెక్రటరీ పదవి నుంచి రాజ్‌కిరణ్‌ను తప్పించారని వెనక ఎవరో చెబుతున్నారు.

జనవరి 25

రేపు.

జనవరి 26, శుక్రవారం

తీసుకున్నాను. నాన్న చర్చికి వేసుకునే తెల్ల చొక్కాలో వచ్చి రెండో వరసలో కూర్చున్నాడు. రాజ్‌కిరణ్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, దీదీ, అబ్ తో పార్టీ బన్‌తీ హై, పార్టీ ఇవ్వాల్సిందే అన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

సర్టిఫికెట్‌ను నాన్న హాల్లో మేకు కొట్టి తగిలించాడు. మేకు కోసం పక్కింటి నుంచి సుత్తి తెచ్చి, సుత్తితో పాటు పక్కింటివాళ్లను కూడా తీసుకొచ్చాడు. నా మాటలే ఫ్రేములో. ఆ రెండు కామాలు.

జనవరి 28, ఆదివారం. మధ్యాహ్నం

చెప్పేశాను.

ముందుగా అనుకున్నది కాదు. నాన్న పిలిచినందుకు సుమ, గోపీనాథ్ చర్చికి వచ్చారు. ఆమె జరీ చీర కట్టుకుని మా వరసలో అమ్మకూ నాకూ మధ్య కూర్చుంది. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే అమ్మ తిప్పి ఇచ్చింది. సాక్ష్యాల సమయంలో ఆమె లేచింది. నాకు మీ పద్ధతులు తెలియవండీ, తప్పుగా మాట్లాడితే క్షమించండి, నీళ్లలో ఉన్నప్పుడు ఒక చేయి నన్ను పట్టుకుని ఉందని తెలుస్తూనే ఉంది, ఆ ధైర్యంతోనే ఉన్నాను అంది.

ఆ ధైర్యంతోనే ఉన్నాను. ఆ మాట నేను మోయలేకపోయాను.

ఆమె కూర్చోకముందే లేచాను. నాకు ఈత రాదు, సుమను నేను రక్షించలేదు, ఆమె మీద ఎక్కి నేను గాలి పీల్చుకున్నాను, ఆమె వీపు మీద మచ్చ నా మోకాలిది. ఇంతే అన్నాను. చాలా చిన్న గొంతుతో చెప్పాను. కానీ ఫ్యాన్లు తిరగడం లేదు, కరెంటు పోయింది. అందరికీ వినబడింది.

ఎవరూ స్తోత్రం అనలేదు.

సుమ నా వైపు చూడలేదు. ఒళ్లో పాటల పుస్తకం మూసింది. గోపీనాథ్ ఆమె మోచేయి పట్టుకుని బయటకు తీసుకెళ్లాడు. బుల్లమ్మ అమ్మమ్మ మాత్రం, పోన్లే గుంటా, సెప్పుకున్నావు గదా, కూకో అంది.

నాన్న బస్సులో నా పక్కన కూర్చోలేదు. ఇంటికి వచ్చాక ఫ్రేము దించాడు. విసిరేయలేదు. చుట్టూ దుమ్ము తుడిచి, గోడవైపు తిప్పి బీరువా పక్కన పెట్టాడు. నాన్నా అన్నాను. నీకు ఈత రాదని నాకెందుకు సెప్పలేదు అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అతన్ని బాధపెట్టింది అదే అని అప్పటిదాకా నాకు తెలియదు.

జనవరి 29, సోమవారం

సర్టిఫికెట్ పద్మినీ మేడమ్ బల్ల మీద పెట్టి విషయం చెప్పాను. మేడమ్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. ఇంగ్లీషు మాత్రం నీదే బాగుంది అన్నారు. సర్టిఫికెట్‌ను సొరుగులో పెట్టేశారు.

సుమ సెలవులో ఉంది.

జనవరి 30

ఇవాళ కూడా సెలవే.

జనవరి 31, బుధవారం

సుమ వచ్చింది. రికార్డు రూమ్‌కు వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను, మా అమ్మకు ఫోన్ చేసి తిట్టాను, మా ఆయన దగ్గర తిట్టాను, ఇంక తిట్లు అయిపోయాయి అంది. రాజమండ్రిలో వాళ్ల వీధిలో ఒకామె గోదాట్లో సొంత చెల్లెలినే తొక్కిందట. ఇద్దరూ బతికారట. ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటారట, రోజూ పోట్లాడుకుంటారట. నీళ్లలో ఎవరైనా అంతే నాన్సీ, నా చేతికి నువ్వు దొరికుంటే నేను నీ నెత్తి మీద కూర్చునేదాన్ని, నీకంటే బరువు కూడాను అంది.

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె నా తలను తన భుజానికి ఆనించుకుంది. గుర్తులున్న భుజానికే.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. తలుపు మూసి ఉంది.

ఫిబ్రవరి 3, శనివారం

ఇంకా ఆరు కాకముందే నాన్న నా మంచం దగ్గర నిలబడి, లే, తువ్వాలు తీసుకో అన్నాడు. ఆరు రోజుల తర్వాత నాతో మాట్లాడింది అదే.

బే దగ్గరకు వెళ్లేసరికి సుమ, గోపీనాథ్ అక్కడే ఉన్నారు. రాజ్‌కిరణ్ కూడా. నాన్నే అందరికీ ఫోన్ చేశాడట. నడుము లోతు నీళ్లలో నాన్న ఒక చేయి నా పొట్ట కింద, ఒక చేయి సుమ పొట్ట కింద పెట్టి నిలబడ్డాడు. కాళ్లు కొట్టండే, పిండి రుబ్బుతున్నారేటి అని కేకలు. సుమ ఒక గుక్క నీళ్లు మింగి, అంకుల్, మీ సముద్రంలో ఉప్పెక్కువండీ అంది. మీ గోదారి వొచ్చి కలవడం లేదు కదమ్మా, అందుకే అన్నాడు. రాజ్‌కిరణ్ ఒడ్డున నిలబడి ఒకటి దో ఒకటి దో అని లెక్కపెట్టాడు. అమ్మ గట్టు మీద కూర్చుని ఫ్లాస్కు లోంచి అందరికీ టీ పోసింది.

నేను నాలుగు బారలు ఈదాను. నాన్న చేయి ఎప్పుడు తీసేశాడో తెలియలేదు. వెనక్కి చూస్తే దూరంగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూపిస్తున్నాడు.

రాజ్‌కిరణ్ టీ తాగుతూ, క్లబ్బు పోతే పోయింది దీదీ, ఆ విరిగిన జాకెట్ నా కంట పడి ఉంటే చాలు, దాన్ని పక్కన పడేసేవాణ్ని, రాత్రిళ్లు అదే గుర్తొస్తుంది అన్నాడు. సుమ అతని వీపు మీద తట్టి, వదిలెయ్ భయ్యా, ఎవరూ కావాలని చేయలేదు కదా అంది.

అందరూ నా వైపు కూడా చూసి తలలూపారు. నేను టీ తాగాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను.

ఫిబ్రవరి 6

ఫ్యామిలీ డే నాడు మా వంతు వచ్చేసరికి ఒడ్డున రెండే జాకెట్లు ఉన్నాయి. ఒకదాని బకిల్ విరిగి ఉండటం చూశాను. సుమ అప్పుడు జడ ముడివేసుకుంటోంది. మంచిది నేను వేసుకున్నాను.